నల్లగుడ్డు అంచున వెలుగురేఖ

చిన్న ప్యాకెట్. లోపల తడి సున్నం. మధిరలోనైనా, భద్రాచలంలోనైనా కిళ్లీకొట్టుకు వెళితే దొరుకుతుంది. పిల్లాడు ఆడుకుంటూ దాన్ని గట్టిగా నొక్కాడంటే... చిమ్మి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం క్షారం కదా, లోలోపలికి కాలుస్తూ పోతుంది.

నల్లగుడ్డు మీది పారదర్శక పొరే కార్నియా. అరిగిపోయే దాని పైపొరను మళ్లీ పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. సున్నం ఆ అంచునే కాల్చేస్తుంది. ఇక నేత్రదానంలో వచ్చిన కార్నియాను అతికించినా నిలవదు. ఊట ఎండిన బావిలో బిందెతో నీళ్లు పోసినట్టే!

ప్రముఖుల పేరిట స్మారకోపన్యాసాలు మనకు కొత్త కాదు. దండ, శాలువా, ఫొటో... మర్నాటికి మరిచిపోతాం. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ పేరు అలా కాలేదు. ఆయన కుటుంబం ఇచ్చిన ఐదెకరాలు, కోటి రూపాయలతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి తెరిచారు. పోర్చుగల్ వ్యాపారవేత్త చంపాలిమో వీలునామాతో ఏర్పడ్డ ఫౌండేషన్ కూడా తర్వాత ఇక్కడి పరిశోధనకు చేయందించింది.

అక్కడ డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2001 నుంచి మూలకణాలను ల్యాబ్‌లో పెంచి కంటికి అమర్చడం మొదలుపెట్టింది. ఫలితం బాగున్నా ఖర్చెక్కువ. అందుకే ల్యాబ్‌తో పనిలేని 'స్లెట్' పద్ధతిని కనిపెట్టి 2012లో ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటిమీద ఉమ్మనీటి సంచి పొర పరిచి నారు నాటినట్టు అతికిస్తారు. తునకలే పెరిగి పొరగా అల్లుకుంటాయి. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం 125 కళ్లలో 95 కళ్లకు నయమైంది.

మరి మిగతా 30? రెండు కళ్లూ కాలినవాళ్ల సంగతేమిటి? వాళ్లకు సొంత ముక్క దొరకదు. ఇతరులది పెడితే శరీరం తిప్పికొట్టకుండా దీర్ఘకాలం మందులు వాడాలి. పరిశోధన ఇంకా సాగాల్సింది ఇక్కడే.

ఆ దాకా రాకుండా ఆపడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. సున్నం పడిన కంటిని నలపకూడదు. పాలు, నెయ్యి, ఆకు పసర్లు వద్దు. రెప్పలు విప్పి కనీసం అరగంట ధారగా నీళ్లు పోయాలి. బండి కోసం పరుగు ఆ తర్వాతే. బోరింగు పక్కనుంటే అక్కడే, ఆ నిమిషమే మొదలుపెట్టాలి.