తాతయ్య పొట్ట ఎటు పోయింది?

రండర్రా, అందరూ ఇలా అరుగు మీదికి రండి. కరెంటు పోయింది కాబట్టి టీవీ గోల లేదు. చాప ఆ స్తంభం దాకా పరవండి. అమ్ములూ, నువ్వు విసనకర్ర పట్టుకుని నా పక్కన కూర్చో. ఇవాళ చిన్నోడి ప్రశ్న సంగతి తేల్చాలి.

నిన్న మధ్యాహ్నం పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే వీడొచ్చి నా పొట్ట మీద వేలితో పొడిచి చూశాడు. "తాతయ్యా, పోయినేడు సంక్రాంతికి ఇక్కడ పెద్ద దిండుండేది కదా, ఎటు పోయింది?" అన్నాడు. మీ మామ్మ వంటింట్లోంచి "తాకట్టు పెట్టార్రా" అంది. ఆవిడకి అన్నీ వేళాకోళమే. ముప్ఫయ్యారేళ్లు బళ్లో సైన్సు చెప్పాను గానీ, ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పదిహేను నెలల్లో నా ఒంటి మీంచి 12 కిలోలు పోయాయి. పన్నెండు కిలోలంటే ఓ మోస్తరు పనసకాయంత. అంత వస్తువు ఇంట్లోంచి మాయమైతే నలుగురం నాలుగు దిక్కులా వెతకమూ?

మీరు చెప్పండి, ఎటు పోయుంటుంది? చెమటై కారిపోయిందా? కండగా మారిందా? వేడై పోయిందా? సరే సరే, దొడ్లోకి పోయిందన్న వాడెవడో నాకు తెలుసు, మిగతావాళ్లు నవ్వడం ఆపండి. మీరే కాదు, పెద్దపెద్దవాళ్లూ ఇలాగే చెప్పారు. ఆస్ట్రేలియాలో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అని ఇద్దరు సైంటిస్టులు ఇదే ప్రశ్నని 150 మందికి వేశారు. అందులో డాక్టర్లున్నారు, ఆహారం సంగతి చెప్పేవాళ్లున్నారు, కసరత్తు నేర్పేవాళ్లున్నారు. వేడి కిందో శక్తి కిందో మారిపోయిందని ఎక్కువమంది అన్నారు. అది తప్పు. 2014 డిసెంబరులో ఆ ఇద్దరూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క కట్టి చూపించారు. జవాబు చెబుతాను గానీ, ముందు నా కథ వినండి. కథ లేకపోతే లెక్క రుచించదు.

పోయినేడు సంక్రాంతికి నేను 84 కిలోలు. మన రైసు మిల్లులో ధాన్యం తూచే కాటా మీద ఎక్కి చూసుకున్నాను. అక్కడి గుమాస్తా ఉన్నాడే, వాడు పుస్తకం తీసి, "మాస్టారూ, తేమ తరుగు తీసి రాయమంటారా?" అన్నాడు. తడిసిన ధాన్యం తెస్తే నీటి బరువు తగ్గించి రాస్తారు కదా, ఆ హాస్యమన్నమాట. అప్పుడు నాకు కోపమొచ్చింది. తర్వాత తెలిసింది, వాడు సైన్సు మాట్లాడాడని!

అసలు కాటా ఎందుకెక్కానంటే, మోకాళ్లు. మెట్లెక్కితే కటకటమనేవి. డాక్టరుగారు గోళీలు రాయబోయి ఆగి, "ముందు బరువు తగ్గండి మాస్టారూ. కిలో తగ్గితే అడుగు అడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది" అన్నారు. ఇంటికొస్తూ దారంతా లెక్క వేసుకున్నాను. పన్నెండు తగ్గితే నలభై ఎనిమిది! రెండు పాతిక్కిలోల బియ్యం బస్తాలు భుజాన వేసుకుని తిరుగుతున్నానా ఇన్నాళ్లూ!

మర్నాటి నుంచి రాత్రి అన్నం బందు. మూడు మార్లు వడ్డించుకునే వాణ్ణి మధ్యాహ్నం ఒక్క మారుకి దిగాను. కూర, పప్పు, మజ్జిగ మాత్రం కడుపునిండా. పది రోజులకి కాటా ఎక్కితే రెండున్నర కిలోలు తగ్గాను! ఊరంతా చెప్పుకున్నాను. ఆ వారంలోనే మీ పెదనాన్న వాళ్లింట పెళ్లి. పులిహోర, బూరెలు, గుత్తొంకాయ, ఆవకాయ... వద్దులే, నోరూరుతోంది. ఆ మూడు రోజుల్లో కిలోన్నర మళ్లీ ఎక్కింది. మంచం మీద ముసుగేసి పడుకున్నాను, నాకిది రాసిపెట్టి లేదని.

అప్పుడు గుమాస్తా మాట గుర్తొచ్చింది. తేమ తరుగు! మన ఒంట్లో కార్జంలోనూ కండలోనూ గ్లైకోజెన్ అని ఒక సరుకు దాచి ఉంటుంది. ఓ అరకిలో ఉంటుందేమో. వంటింట్లో బియ్యం డబ్బా లాంటిదది, రోజువారీ వాడకానికి. ఊరికే ఉండదు, ప్రతి గ్రాముకీ మూడేసి గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, నానబెట్టిన మినప్పప్పులాగా. అన్నం తగ్గించగానే ముందు ఆ డబ్బా ఖాళీ అవుతుంది, నీళ్లూ పోతాయి. అన్నం తినగానే డబ్బా నిండుతుంది, నీళ్లూ వస్తాయి. నేను ఊరంతా డప్పు కొట్టుకున్నది ఎక్కువగా నీళ్లే! ఏడ్చిందీ నీళ్లకే. కొవ్వు మీద అప్పటికి పెద్దగా చెయ్యి పడలేదు. పెరట్లో గాదె ఉందే, అదీ కొవ్వంటే. డబ్బా తరిగిపోతూ ఉంటేగానీ గాదె తలుపు పూర్తిగా తియ్యరు.

ఇది తెలిశాక నా మనసు ఎంత కుదుటపడిందో చెప్పలేను. తెలియక భయపడ్డంత కాలం రోజూ కాటా ఎక్కడం, పొంగిపోవడం, కుంగిపోవడం. తెలిశాక ఆదివారం ఆదివారం మాత్రమే ఎక్కాను. మీ మామ్మ పాల లెక్క రాసే క్యాలెండరు ఉంది కదా, ఆ గళ్లల్లోనే ఓ మూల నా బరువు రాశాను. ఓ నెల చివర ఆవిడ పొరపాటున నా 80ని కూడా పాలల్లో కలిపేసి పాలవాడితో తగువు పెట్టుకుంది. అదో పెద్ద కథ, ఇంకోసారి.

ఇప్పుడు గాదె సంగతి. ఆ తులసికోట దగ్గర మామ్మ పెట్టిన దీపం చూడండి. ప్రమిదలో సాయంత్రం నిండుగా నూనె ఉంది. తెల్లారేసరికి ఉండదు. ఎవరు తాగారు? నేల మీదికి కారలేదు. వేడీ వెలుగూ వచ్చాయి నిజమే, కానీ వేడికి బరువేదీ? నూనె బరువు ఎక్కడికో పోవాలి కదా. నా చిన్నప్పుడు లాంతరు వెలిగించి గ్లాసు దించగానే లోపలంతా మసకేసేది, కాస్త వేడెక్కాక పోయేది. ఆ మసక నీళ్లర్రా! మంటలోంచి నీళ్లు! కిరసనాయిల్లోని హైడ్రోజన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలిస్తే నీటి ఆవిరి, కార్బన్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్. రెండూ గాల్లోకే పోయాయి. ఆ దీపంలో నూనైనా అంతే.

మనలోనూ ఆ దీపమే, మంట కనపడదంతే. 1780ల్లో ఫ్రాన్సులో లెవోసియే అనే ఆయన గినీపందిని, అంటే కుందేలు పిల్లంత ఉండే జంతువుని, చుట్టూ మంచు కూరిన పెట్టెలో కూర్చోబెట్టాడు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచాడు, అది వదిలిన గాలినీ లెక్కించాడు. బొగ్గు మండినట్టే ఇదీ నెమ్మదిగా మండుతోందని తేల్చాడు. పాపం, ఆ మహానుభావుడి తలని 1794లో విప్లవకారులు తీసేశారు.

సరే, జవాబు. పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మన ముక్కులోంచి బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీళ్లవుతుంది. చిన్నోడా, నా పొట్టలో ఎక్కువ భాగాన్ని నేను ముక్కుతో ఊదేశానురా! దానికి బయటి నుంచి 29 కిలోల ఆక్సిజన్ పీల్చుకోవాల్సి వచ్చింది కూడా. నా పన్నెండులో పదిదాకా కొవ్వనుకుందాం, మిగతాది గుమాస్తా తేమా, కాస్త కండా.

ఒరే ఒరే, ఆగు! వీడు చూడండి, సన్నబడాలని కుక్కపిల్లలా రొప్పుతున్నాడు. తల తిరుగుతుందిరా, ఆపు. పొగగొట్టం పైన కూర్చుని విసనకర్రతో విసిరితే పొయ్యిలో కట్టెలు ఎక్కువ కాలతాయా? ముందు కట్టె కాలాలి, తర్వాతే పొగ. అందుకే నడవాలి, పని చెయ్యాలి. ఊరికే కూర్చున్నా మంట ఆరదనుకో. ఒక్కో ఊపిరికి సుమారు పది మిల్లీగ్రాముల కార్బన్ పోతుంది, నాలుగు ఆవగింజలంత. రోజుకి ఇరవై వేలసార్లు ఊపిరి వదులుతాం. గుణించండి. రెండొందల గ్రాములు! మనం తిన్న అన్నమే ఎక్కువగా అలా పోతుంది. తిన్నదాని కంటే పోయేది ఎక్కువైన నాడే గాదెలోంచి తీస్తారు.

ఇక్కడ మన ఊరి గొప్ప ఒకటి చెప్పుకోవాలి. కొవ్వు కాలితే వచ్చే శక్తిని ఒళ్లు ఉన్నపళాన వాడుకోలేదు. పెద్ద నోటు పట్టుకెళ్లి బడ్డీకొట్లో బఠాణీలు కొనగలమా? చిల్లర కావాలి. ఆ చిల్లర పేరు ఏటీపీ. దాన్ని 1929లో అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినాయన ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు! అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ అనే ఆయనా విడిగా కనుక్కున్నాడు. ఈ చిల్లర ఎంత వేగంగా చేతులు మారుతుందంటే, రోజంతా మనం చేసి ఖర్చుపెట్టే ఏటీపీ కూడితే దాదాపు మన బరువంత ఉంటుంది. మా బళ్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నా గొంతు కాస్త పెరిగేది. పెరగదూ మరి.

ఆర్నెల్లు బాగానే సాగింది. తర్వాత శ్రావణమాసం నుంచి కార్తీకం దాకా కాటా ముల్లు 76 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. అదే తిండి, అదే కాలవగట్టు నడక. కానీ ఆకలి మాత్రం రెట్టింపు! రాత్రి కలలో ఉండ్రాళ్లు వచ్చేవి, నిజం. నాకు బుద్ధి చెడిందేమో అనుకున్నాను. కాదట. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది యువకులకి ఆర్నెల్లు సగం తిండి పెట్టి చూశాడు. యుద్ధంలో పస్తులున్నవాళ్లకి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి ఆ యువకులే ఒప్పుకుని వచ్చారు. నాలుగో వంతు బరువు తగ్గారు. ఒళ్లు చల్లబడింది, గుండె నెమ్మదించింది. ఇరవై నాలుగ్గంటలూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకునేవాళ్లట, మగపిల్లలు! కరువొచ్చిందనుకుని ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది, మామ్మ నెలాఖరులో పెట్టినట్టు. కొవ్వు గాదెలోంచి మెదడుకి కబురు మోసే లెప్టిన్ అనే సరుకుని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. గాదె తగ్గితే ఆ కబురూ తగ్గుతుంది, మెదడు ఆకలి గంట కొడుతుంది. నేను పస్తులుండలేదు కాబట్టి నాకు మోగింది చిన్న గంటే.

ఆ నాలుగు నెలలూ నన్ను నిలబెట్టింది సైన్సొక్కటే అంటే అబద్ధం. రిటైరైన పోస్టుమాస్టరుగారు రోజూ అయిదున్నరకి గేటు దగ్గర నిలబడి, వీధంతా వినపడేలా "మాస్టారూ, లేచారా, ఇంకా పడుకునే ఉన్నారా?" అని అరిచేవారు. ఆ సిగ్గుకి లేచేవాణ్ణి. కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు. దారిలో టీ కొట్టు. రోజుకి అయిదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార, మొత్తం పది చెంచాలు, రెండొందల కేలరీలు. పంచదార మానేశాను. మొదటి వారం కషాయం తాగినట్టుండేది, ఇప్పుడు తీపి టీ ఇస్తే నాకు పాయసంలా ఉంటోంది. ఇంకో తమాషా లెక్క చెప్పనా? కిలో కొవ్వుకి ఉజ్జాయింపున 7,700 కేలరీలు. పది కిలోలంటే 77,000. పదిహేను నెలల రోజుల మీద పంచితే రోజుకి నూట డెబ్భై! ఒళ్లు మధ్యలో పొదుపులు చేస్తుంది గనక ఇంత తిన్నగా నడవదులెండి. అయినా ఆ నూట డెబ్భై చూసుకుంటే కొండ కాస్తా గుట్టలా కనిపించింది నాకు.

నాకంటే పిచ్చివాడొకాయన ఉన్నాడు. ఇటలీలో పాదువా ఊరి సాంక్టోరియస్. తక్కెడకి కుర్చీ వేలాడగట్టి, అందులో కూర్చునే భోంచేస్తూ, ముప్ఫయ్యేళ్లు తన బరువు తానే తూచుకున్నాడు. తిన్నదీ తాగిందీ ఎనిమిది పౌన్లైతే అందులో అయిదు కంటికి కనపడకుండా పోతోందని 1614లో పుస్తకం రాశాడు. చాలావరకు చర్మంలోంచి ఆవిరవుతోందనుకున్నాడు. ఊపిరి లోపలి రసాయనం ఆయన కాలానికి ఎవరికీ తెలియదు మరి. మీ మామ్మతో చెప్పకండి గానీ, అలాంటి కుర్చీ ఒకటి చేయించుకోవాలని నాకూ ఉంది.

ఏమిటి అమ్ములూ? ఊదేసిన పొట్ట ఇప్పుడెక్కడుందా? గాల్లో కలిసి ఊళ్లు దాటిపోయుంటుందమ్మా. చెట్లు ఆ గాలినే పీల్చుకుని ఎండలో పంచదార చేసుకుంటాయి కదా. అందులో ఏ రవ్వంతో మన పెరటి మామిడికీ చేరే ఉంటుంది... అదుగో, చిన్నోడు రసం పీల్చడం మానేసి మామిడిపండు వంక అనుమానంగా చూస్తున్నాడు! తినరా, తియ్యగానే ఉంటుంది.

రేపు ఆదివారం. పొద్దున్నే అయిదున్నరకి పోస్టుమాస్టరుగారు అరుస్తారు. కాలవగట్టు నుంచి తిన్నగా మిల్లుకే వెళతాం. లేచినవాళ్లని కాటా ఎక్కిస్తాను.