వేసవిలో ఒక్క ఆదివారం

చెన్నై నలుమూలలకూ చెదిరిన తెలుగు బడి మిత్రులు.. దాదాపు నలభై ఏళ్లుగా తప్పని మే నెల షికారు

చెన్నై: మే నెల రెండో ఆదివారం. పొద్దున ఆరున్నర. సెంట్రల్ స్టేషన్ పక్కన లోకల్ రైళ్లు ఆగే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ క్యారియర్లు, నీళ్ల సీసాల సంచులతో నలుగురు నిలబడి ఉన్నారు. ఆవడి రైలు దిగి ఐదో ఆయన వచ్చాడు. ‘‘ఏంరా, ఇప్పుడా వచ్చేది? ఎండెక్కిపోయింది కదరా!’’ అని ఒకరు గదమాయించారు. ‘‘బండి లేటు డా!’’ అని ఆయన జవాబు. తెలుగు మాటలో తమిళ ‘డా’ దూరింది. అది అక్కడ ఎవరికీ తేడాగా అనిపించలేదు. ఏడు గంటలకల్లా ఎనిమిది మందీ చేరారు. వెంట భార్యలు, పిల్లలు, ఒక బుల్లి మనవరాలు కూడా ఉన్నారు.

వీళ్లంతా ఉత్తర చెన్నైలోని పాత వణ్ణారపేటలో ఒకే తెలుగు బడిలో, ఒకే తరగతిలో చదువుకున్నవారు. అందరూ యాభై దాటినవారే. ఒకరు పెరంబూరు రైల్వే కార్ఖానాలో ఉద్యోగి. ఒకరిది బంగారు పని. ఒకరు హార్బరులో క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా. మరొకరికి చీరల కొట్టు. ఏడాదంతా ఎవరి బతుకు వారిది. మే నెలలో ఒక్క ఆదివారం మాత్రం అందరిదీ.

నాలుగు వీధుల నుంచి నలుమూలలకు..

చదువుకునే రోజుల్లో వీరి ఇళ్లన్నీ నాలుగు వీధుల్లోనే ఉండేవి. ఒకరింట్లో దోసె పోస్తే వాసన మరొకరింటికి వచ్చేది. తర్వాత అద్దెలు పెరిగాయి, కుటుంబాలు పెరిగాయి, ఉద్యోగాలు దూరమయ్యాయి. ఒకరు అంబత్తూరు, ఒకరు మణలి, ఒకరు పోరూరు, మరొకరు వేళచ్చేరి.. ఇలా తలోదిక్కు చేరారు. నగరం కూడా ఊరుకోలేదు. 2011లో శివారు మున్సిపాలిటీలను, పంచాయతీలను కలిపేయడంతో 174 చదరపు కిలోమీటర్లున్న చెన్నై కార్పొరేషన్ 426 చదరపు కిలోమీటర్లయింది. వార్డులు 155 నుంచి 200కు పెరిగాయి. ఆవడి, తాంబరం అయితే వేరే కార్పొరేషన్లే అయ్యాయి.

పాత పేటలో మిగిలింది ఒక్కరే. 2021 ఫిబ్రవరిలో వాషర్‌మెన్‌పేట నుంచి వింకో నగర్ దాకా మెట్రో రైలు వచ్చాక ఆయనకు సెంట్రల్ దగ్గరైంది. ఆయన ఎక్కే స్టేషన్ పేరు సర్ త్యాగరాయ కళాశాల. మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన పిట్టి త్యాగరాయ శెట్టి తెలుగు కుటుంబంలో పుట్టినవారే కావడం విశేషం. ‘‘మనోళ్ల పేరున్న స్టేషన్లో ఎక్కి వస్తా ఉండాను, మీకేముంది?’’ అని ఆయన ఏటా మిత్రులను ఏడిపిస్తుంటారు.

అక్కడే ఒకప్పుడు జూ

సెంట్రల్ దగ్గరే కలుసుకోవడానికీ ఒక కారణముంది. ఇప్పుడు లోకల్ రైళ్లు ఆగుతున్న చోటే పాత మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలు, బొమ్మలు, గ్రామఫోన్ రికార్డులు అన్నీ అక్కడ దొరికేవి. దాని వెనక పీపుల్స్ పార్కులో జంతు ప్రదర్శనశాల. 1855లో మొదలైన జూ అది. వణ్ణారపేట పిల్లలు ఇంట్లో ఇచ్చిన చిల్లర డబ్బులు జేబులో వేసుకుని నడిచి వచ్చేవారు. వేసవి సెలవులంటే వారికి అదే ఊటీ, అదే కొడైకెనాల్.

1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. అదే ఏడాది జూ సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వండలూరుకు వెళ్లిపోయింది. నడిచి వెళ్లే షికారు కాస్తా రైలెక్కి వెళ్లే షికారైంది. ఆ మరుసటి ఏడు ఈ మిత్రులు పదో తరగతి పరీక్షలు రాశారు. అప్పుడు వారు ఎనిమిది మంది కాదు, తొమ్మిది మంది.

ఆ సాయంత్రం..

1986 మే నెల. పరీక్షలైపోయాయి. ఫలితాలు ఇంకా రాలేదు. తొమ్మిది మందీ కలిసి మెరీనాకు వెళ్లారు. సుండల్ తిన్నారు, కబడ్డీ ఆడారు. ఒళ్లంతా ఇసుక కావడంతో కాళ్లు కడుక్కుందామని నీళ్ల దగ్గరికి పోయారు. మోకాలి లోతే కదా అనుకున్నారు. ఒక అల వచ్చి వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసుక జారింది. ముగ్గురు పడ్డారు. ఇద్దరు లేచారు.

మూడో కుర్రాడికి ఈత వచ్చు. అందరిలోకీ వాడికే బాగా వచ్చు. జాలర్లు పడవ వేసుకుని వెతికారు. మర్నాడు ఉదయం దొరికాడు.

మిగిలిన ఎనిమిది మందీ ఏడాది పాటు ఆ వీధిలోకి పోలేదు. వాళ్ల అమ్మకు ఎదురుపడే ధైర్యం లేక చుట్టు తిరిగి వేరే సందులోంచి వెళ్లేవారు. మళ్లీ మే నెల వచ్చింది. ఆమే కబురు పెట్టింది. వెళ్లారు. తొమ్మిది పులిహోర పొట్లాలు కట్టి పెట్టింది. ‘‘ఎక్కడికైనా పోయి రాండ్రా. అందరూ కలిసి పోండి, అందరూ కలిసి రాండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దండి’’ అంది. 1987లో అలా మొదలైన షికారు ఇది. 2020, 2021 మే నెలల్లో మాత్రం లాక్‌డౌన్ల వల్ల ఆగింది.

తొమ్మిదో పొట్లం ఇప్పటికీ కడతారు. స్టేషన్ దగ్గర ఆకలితో కనిపించినవారి చేతిలో పెట్టి, తర్వాతే రైలెక్కుతారు.

ప్రశాంతంగా కనిపించే చోటే ప్రమాదం

మెరీనాలో స్నానానికి దిగవద్దని పోలీసులు బోర్డులు పెట్టారు, మైకుల్లో చెబుతున్నారు. అయినా ఏటా వేసవి సెలవుల్లో ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు తప్పడం లేదు. బలయ్యేది ఎక్కువగా స్నేహితులతో కలిసి వచ్చిన కుర్రాళ్లే. నలుగురు పక్కన ఉంటే భయం తగ్గుతుంది, సముద్రం బలం మాత్రం తగ్గదు.

ఇక్కడ ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా మళ్లీ సముద్రంలోకి పోవాలి. ఒక్కోచోట అది ఇరుకైన పాయలా మారి బలంగా లోపలికి లాగుతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు. చూసేవారికి అదే ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది, పిల్లలు అక్కడే దిగుతారు. పాయలో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. తీరం వెంబడి పక్కకు ఈదుకుంటూ పాయలోంచి బయటపడి, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు కాపాడదామని గుంపుగా దూకితే ఒకరికి బదులు ముగ్గురు పోతారు.

బెసెంట్ నగర్ ఇలియట్స్ బీచ్‌లో తెల్లటి కట్టడం ఒకటుంది. చాలామంది దాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. 1930 డిసెంబరులో నీళ్లలో కొట్టుకుపోతున్నవారిని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడు ష్మిట్ జ్ఞాపకార్థం కట్టినది అది. ఈ మిత్రులు అక్కడికి వెళ్లినప్పుడల్లా పిల్లలను దాని ముందు కూర్చోబెట్టి ఆ సంగతి చెబుతారు. తమ సంగతి మాత్రం చాలా ఏళ్లు చెప్పలేకపోయారు.

ఎండను బట్టి షికారు

తమిళులు మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా ఉండే ఎండలను ‘కత్తిరి’ అంటారు. అది ముగిసే వేళకు మన రోహిణి కార్తె వస్తుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న మాట చెన్నైలోనూ నిజమే. 2003 మే 31న ఇక్కడ 45 డిగ్రీలు నమోదైంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే నగరం ఊపిరి పీల్చుకుంటుంది. గాలి ఆలస్యమైన రోజు పాదరసం పైపైకి పోతుంది. అందుకే వీరు పొద్దున్నే బయల్దేరి, పన్నెండు నుంచి మూడు దాకా ఏ చెట్టు కిందో గడుపుతారు.

ఒక ఏడాది గిండీ పిల్లల పార్కు, పక్కనే ఉన్న పాముల పార్కు. ఒక ఏడాది మహాబలిపురం. మరో ఏడాది ముత్తుకాడులోని దక్షిణచిత్ర. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను అక్కడ మళ్లీ నిలబెట్టారు. వాటిలో ఉత్తర కోస్తా చుట్టిల్లు, నల్గొండ ప్రాంతపు ఇక్కత్ నేత ఇల్లు ఉన్నాయి. ‘‘ఇల్లు గుండ్రంగా ఎందుకు కట్టినారు నాన్నా?’’ అని ఓ అబ్బాయి అడిగాడు. ‘‘తుపాను గాలి గోడను గుద్దకుండా పక్కకు జారిపోతుంది’’ అని తండ్రి చెప్పాడు. ఫ్లాట్‌లో పుట్టి పెరిగిన ఆ పిల్లవాడు చుట్టింట్లోంచి గంటసేపు కదల్లేదట.

ఈసారి వండలూరు వంతు. సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో చెంగల్పట్టు రైలెక్కారు. 602 హెక్టార్ల జూలో సగం నడక, సగం బ్యాటరీ బండి. మధ్యాహ్నం చెట్టు కింద క్యారియర్లు తెరిచారు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, గోంగూర పచ్చడి. దారిలో కొన్న తాటిముంజలు. ‘‘ఇవి నుంగు’’ అని పిల్లలు. ‘‘ముంజలు’’ అని పెద్దలు. చివరికి ‘నుంగుముంజలు’ అని పేరు పెట్టి అందరూ కలిసి తినేశారు.

మాట ఉంది, రాత లేదు

నిజానికి ఈ ఎనిమిది మందికీ కడుపునిండా తెలుగు మాట్లాడే రోజు ఇదొక్కటే. బయట తమిళం, ఆఫీసులో తమిళం, పిల్లలతో సగం ఇంగ్లిష్. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి పాఠమైంది. 2016 నాటికి అది పదో తరగతి పరీక్షల దాకా వచ్చింది. తెలుగు సహా మైనారిటీ భాషల విద్యార్థులు కోర్టులకెళ్లి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. ‘‘తమిళం నేర్వడం మంచిదే. ఈ నేల మనకు అన్నం పెట్టింది. మనది మరిచిపోవడమే బాధ’’ అంటారు ఈ మిత్రులు. వారి పిల్లల్లో తెలుగు మాట్లాడేవారు అందరూ ఉన్నారు, చదవగలిగేవారు ఇద్దరే.

అవ్వకు చదవొచ్చేలా..

షికారు ఎక్కడికైనా సాయంత్రం ముగిసేది మాత్రం ఆ అమ్మ దగ్గరే. ఇప్పుడామె తాంబరంలో కూతురింట్లో ఉంటోంది. ఎనభై దాటాయి. వండే ఓపిక లేదు. వండలూరు నుంచి తాంబరం వచ్చిన మిత్రులు గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఆమె చేసే పని ఒక్కటే. ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెడుతుంది. ‘‘ఎనిమిది. సరే, కూర్చోండి’’ అంటుంది. పిల్లలకు కొన్నేళ్ల క్రితం దాకా అదొక ఆట. ఎందుకలా లెక్కపెడుతుందో ఆమే ఒక రోజు చెప్పింది. తండ్రులు చెప్పలేని సంగతి అవ్వ రెండు ముక్కల్లో చెప్పేసింది.

‘‘నేను పోతే మీరు కలుస్తారట్రా?’’ అని ఈసారి ఆమె అడిగింది. పెద్దలు మాట్లాడలేదు. రైల్వే ఉద్యోగి కూతురు, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, ‘‘ఇకమీద మేం పిలుస్తాం అవ్వా’’ అని పిల్లలందరి ఫోన్ నంబర్లు తీసుకుంది. వెంటనే తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి గ్రూపులో పెట్టింది. అవ్వ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, ‘‘నాకు చదువుకునేటట్టు రాయండి’’ అంది.

ఆ అమ్మాయి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద నాలుగు వరుసలు రాసింది. ‘వచ్చే మేలో పులికాట్. అందరూ రావాలి. పడవ ఎక్కం. నీళ్లలోకి దిగం.’ రెండు చోట్ల దీర్ఘాలు తప్పాయి. 2011 డిసెంబరు 25న పులికాట్‌లో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయిన సంగతి పిల్లలకు గుర్తుంది. పడవ మాట అందుకే చేర్చారు.

అవ్వ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. క్యాలెండర్ మేకుకు తగిలించమంది. తొమ్మిదిన్నర లోకల్‌కు అందరూ తాంబరంలో ఎక్కారు.

షికారుకు వెళ్లేవారు ఇవి గమనించండి

- వండలూరు జూ, దక్షిణచిత్ర మంగళవారం మూసి ఉంటాయి. మెరీనా దీపస్తంభానికి సోమవారం సెలవు.
- మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నీడ పట్టున ఉండండి. దాహం వేయకపోయినా నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి.
- మెరీనా, ఇలియట్స్ బీచ్‌లలో స్నానానికి దిగవద్దు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే నీళ్లలోకి దూకకండి. తాడు, ఖాళీ డబ్బా వంటి తేలే వస్తువు విసరండి. జాలర్లను, పోలీసులను కేకేయండి. 112కు ఫోన్ చేయండి.
- గుంపుగా వెళ్లినప్పుడు బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు మనుషులను లెక్కపెట్టుకోండి.