రౌటరు వెనుక చిన్న రంధ్రము

ఈ రోజులలో మన సంఘ సభ్యుల ఇండ్లలో రేడియో లేని ఇల్లు ఉండవచ్చును గాని రౌటరు లేని ఇల్లు అరుదు. గోడకు కొట్టిన చెక్కపలక మీదనో, టీ.వీ. వెనుకనో, కొందరి ఇండ్లలో దేవుని గూటి ప్రక్కనే కూడా, రెండు మూడు కొమ్ములతో ఆ చిన్న పెట్టె దీపాలు మిణుకుమిణుకుమంటూ కూర్చుని ఉంటుంది. అది పని చేసినంత కాలం దానిని ఎవరూ పలుకరించరు. పని చేయని నాడు మాత్రం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరుతారు. అప్పుడు ఎవరో ఒకరు, వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నీసు గ్రుచ్చి పట్టుకుంటే అంతా సర్దుకుంటుందని సలహా చెబుతారు. ఆ సలహాను గురించియే మేము నాలుగు మాటలు వ్రాయదలచినాము.

రీస్టార్టు వేరు, రీసెట్టు వేరు. స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, మరల వేయడం రీస్టార్టు. దానివల్ల పెట్టెలో వ్రాసి ఉన్న వివరము ఒక్కటీ పోదు. రంధ్రములోని మీటను పది సెకండ్లో, కొన్నింటిలో ఇంకా ఎక్కువో నొక్కిపట్టడం రీసెట్టు. అప్పుడు పెట్టె ఫ్యాక్టరీ నుండి బయటికి వచ్చిన నాటి స్థితికి పోతుంది. ఆఫీసు భాషలో చెప్పవలెనంటే, మొదటిది గుమాస్తా టీ త్రాగి రావడము. రెండవది ఆ గుమాస్తాను బదిలీ చేసి, ఫైళ్లన్నీ తగులబెట్టి, ఆ కుర్చీలో నిన్ననే చేరిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టడము. కుర్రవాడు తెలివిగలవాడే కావచ్చును. కాని మన ఇంటి సంగతి వానికి ఏమి తెలుసు?

మన వైఫై పేరు, పాస్‌వర్డు పోతవి. అంతకంటె ముఖ్యమైనది, ఇంటర్నెట్టు కంపెనీవారు మన కనెక్షను కొరకు ఇచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు పోతవి. పి.పి.పి.ఓ.ఇ. అనే పద్ధతి కలదు. 1999లో ఏర్పడినది. అందులో రౌటరు ప్రతిసారీ కంపెనీ గుమ్మములో నిలబడి తన పేరు, గుర్తుమాట చెప్పుకొనవలెను. చెప్పలేకపోతే తలుపు తెరవరు. దీపాలన్నీ వెలుగుతున్నా ఇంటర్నెట్టు రాకపోవడానికి రీసెట్టు తరువాత సాధారణంగా ఇదే కారణము.

దీపాల సంగతి వచ్చినది గనుక ఒక మాట. గాజుతీగ, అనగా ఫైబరు, నేరుగా వచ్చి చేరే పెట్టెలపై పాన్ అనీ, లాస్ అనీ రెండు దీపాలు ఉంటవి. పాన్ ఆకుపచ్చగా నిలకడగా ఉంటే తీగ బాగున్నట్లు. లాస్ ఎర్రగా వెలిగితే వెలుతురు సంకేతము పెట్టె వరకు రావడం లేదన్న మాట. వీధిలో త్రవ్వకము జరిగి తీగ తెగి ఉండవచ్చును, లేదా ఇంట్లోనే తీగ మెలిక పడి ఉండవచ్చును. ఎర్రదీపము ఉన్నంతసేపు రంధ్రములో ఎన్ని పిన్నీసులు గ్రుచ్చినా ప్రయోజనము లేదు. ఉన్న వివరాలు పోవడమే మిగులుతుంది.

బళ్లారిలో మా వీధి చివరనున్న విశ్రాంత ఉపాధ్యాయుల వారి ఇంట పోయిన వర్షాకాలములో సరిగా ఇదే జరిగినది. వారి పూర్వులు గుంతకల్లు వైపు నుండి వచ్చి స్థిరపడినవారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. కోడలు బెంగుళూరులోని ఒక కంపెనీకి ఇంటి నుండే లెక్కలు వ్రాస్తుంది. పని చేసిన దినానికే జీతము. శుక్రవారము సాయంత్రం ఇంటర్నెట్టు ఆగింది. హాస్టలు నుండి వచ్చిన మనుమడు పిన్నీసు తీసినాడు. ఆ ఇంటి వైఫైకి పెద్దావిడ పేరే పెట్టుకున్నారు. మరుక్షణము ఫోనులో ఆ పేరు మాయమై, కంపెనీ పేరూ నాలుగంకెలూ వచ్చినవి. "ఏమిరా అబ్బాయీ, నా పేరు కొట్టేసినావా?" అని ఆవిడ నవ్వినారట. నవ్వు ఆ రాత్రి వరకే.

శనివారము సాయంకాలానికి కంపెనీ మనిషి వీధిలో తెగిన తీగ అతికించి వెళ్లినాడు. ఎర్రదీపము ఆరింది. వీధిలో అందరికీ ఇంటర్నెట్టు వచ్చినది, వారికి తప్ప. యూజరు పేరు వ్రాసి ఇచ్చిన కాగితము ఎక్కడ పెట్టినారో ఎవరికీ జ్ఞాపకము లేదు. ఆదివారము ఫోను ఎత్తేవారు లేరు. సోమవారము మధ్యాహ్నము అది పాత పంచాంగములో దొరికినది. కోడలికి శని, సోమ రెండు దినముల జీతము పోయినది. ఆ పిల్ల పైకి ఏమీ అనలేదు గాని, ఆ నెల చీటీ డబ్బు కట్టడానికి మాస్టారి పింఛను తీయవలసి వచ్చినదని ఆయనే మాతో చెప్పినారు. "మీరు ఆఫీసులో కాగితాలు చూసేవారు, మన పత్రికలో వ్రాయండి బాబూ" అన్నది కూడా ఆయనే.

ఇక రీసెట్టు అయిపోయిన ఇంట చేయవలసిన పని. పెట్టె అడుగున అంటించిన చీటీ ఉంటుంది. దానిమీద ఫ్యాక్టరీ వైఫై పేరు, పాస్‌వర్డు, లోనికి పోయే అంకె, అడ్మిన్ పేరు ఉంటవి. కంప్యూటరు ఉన్నవారు తీగతోనే కలుపుకొనుట మేలు. ఫోనుతో చేసేవారు ముందుగా మొబైల్ డేటా ఆపవలెను. లేనిచో, ఈ వైఫైలో ఇంటర్నెట్టు లేదని ఫోను తనంతట తాను డేటా దారి పట్టిపోవచ్చును, మనము తెరవబోయే పేజీ తెరుచుకొనదు.

బ్రౌజరులో 192.168.1.1 అనిగాని, 192.168.0.1 అనిగాని, చీటీలో ఎట్లున్నదో అట్లే కొట్టవలెను. ఊరందరి ఇండ్లలో ఇదే అంకె ఏమిటని కొందరు అడుగుతారు. 192.168తో మొదలయ్యే అంకెలను ఇంటిలోపల, ఆఫీసులోపల వాడుకకని 1994లోనే ప్రత్యేకించి ఉంచినారు. ఎవరి ఇంట వంటగదిని వారు వంటగది అన్నట్లే.

లోనికి పోయిన తరువాత వాన్ అనే పేజీలో మొదట కనెక్షను రకము చూడవలెను. పి.పి.పి.ఓ.ఇ. అయితే కంపెనీవారి యూజరు పేరు, పాస్‌వర్డు అక్షరము తప్పకుండా వ్రాయవలెను. వీలాన్ అంకె ఇచ్చి ఉంటే అదీ వేయవలెను; చాలామంది మరచిపోయేది దీనినే. డైనమిక్ అనే రకమైతే సాధారణంగా వ్రాయవలసినది ఏమీ లేదు. కొన్ని కంపెనీలు తమ ఆఫీసు నుండియే వివరాలు పెట్టెలోనికి పంపుకొంటవి. అటువంటి చోట కొంతసేపు ఓపిక పట్టి చూడవలెను. కంపెనీ ఇచ్చిన ఫైబరు పెట్టెలలో కొన్నింటిని వారు తప్ప మరెవరూ మరల నమోదు చేయలేరు. అక్కడ మన తెలివి ఉపయోగించక ఫోను చేయుటే దారి.

వైఫైకి కొత్త పేరు పెట్టుదామన్న సరదా ఈ సమయములో వద్దు. పాత పేరు, పాత పాస్‌వర్డు, పెద్దక్షరము, చిన్నక్షరము, మధ్య ఖాళీతో సహా మునుపటివలె పెట్టినచో ఇంటిలోని ఫోన్లు, టీ.వీ., ప్రింటరు, వాకిలి కెమెరా చాలావరకు తమంతట తామే వచ్చి చేరుతవి. లేకపోతే ఒక్కొక్కదాని దగ్గరకు పోయి పాస్‌వర్డు కొట్టవలెను, కెమెరాకైతే నిచ్చెన కూడా కావలెను. రక్షణ రకము డబ్ల్యు.పి.ఏ.2 లేక 3 ఉండవలెను. ఓపెన్ అని ఎన్నడూ ఉంచరాదు.

ఇంటర్నెట్టు రాగానే ఇక్కడితో పని అయిపోయినదని లేచిపోయేవారే ఎక్కువ. అడ్మిన్ పాస్‌వర్డు కూడా ఫ్యాక్టరీదే తిరిగి వచ్చి ఉంటుందని వారికి తోచదు. అది చాలా పెట్టెలలో అడ్మిన్, అడ్మిన్ అనే రెండు మాటలే. 2016లో మిరాయ్ అనే చెడు ప్రోగ్రాము ఇటువంటి మాటల జాబితా పట్టుకొని లోకములోని కెమెరాలలోనికి, రౌటర్లలోనికి జొరబడినది. 2017 జూలైలో మన దేశములోనే, కర్ణాటకతో సహా, బి.ఎస్.ఎన్.ఎల్. వారి బ్రాడ్‌బ్యాండు మోడెములు వేలకొద్దీ ఇట్టి దాడికి గురి అయినవి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని మోడెములకే దెబ్బ తగిలినది. పాస్‌వర్డు మార్చుకొనవలసినదిగా ఆ సంస్థవారు ఖాతాదారులను కోరినారు. అడ్మిన్ పాస్‌వర్డు వైఫై పాస్‌వర్డు కంటె వేరుగా ఉండుట మంచిది. చుట్టాలకు ఇచ్చేది రెండవదే గదా.

అన్నీ సరిగా అమరిన రోజున అదే పేజీలో బ్యాకప్ అనే మాట వెదికి ఒక ఫైలు దించి పెన్‌డ్రైవులో ఉంచుకొనవచ్చును. మరల రీసెట్టు అయితే ఆ ఫైలు ఎక్కించినచో చాలును. సాధారణంగా అది అదే మోడలు పెట్టెకే పనికివస్తుంది. పెట్టె మారితే చీటీయే గతి.

ఆ చీటీలో పైన కంపెనీ ఫోను నంబరు, మన కస్టమరు నంబరు ఉండవలెను. తరువాత కనెక్షను రకము, యూజరు పేరు, పాస్‌వర్డు, వీలాన్ అంకె. క్రింద వైఫై పేరు, పాస్‌వర్డు, అడ్మిన్ పాస్‌వర్డు. పేర్లు, పాస్‌వర్డులు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాయవలెను. ప్రక్కన ఏది ఏమిటో చెప్పే మాటలు ఏ లిపిలో వ్రాయవలెనన్నది మన ఇండ్లలో కొంచెము చిక్కైన ప్రశ్న. ఈ పత్రిక చదివే పెద్దలలో పలువురికి రౌటరు తెలియదు. రౌటరు తెలిసిన పిల్లలలో పలువురికి ఈ అక్షరాలు రావు. తెలుగులో ఒక వరుస, కన్నడమో తమిళమో ఒడియానో పిల్లలు బడిలో నేర్చినదానిలో ఒక వరుస వ్రాసినచో ఇద్దరికీ సరిపోతుంది. వ్రాయించే నెపముతో పిల్లవాడికి నాలుగు తెలుగు అక్షరాలు పట్టుబడినా నష్టము లేదు.

చీటీని పెట్టెకే అంటించరాదు, వచ్చిపోయే వారందరి కంటబడుతుంది. రేషను కార్డు, కరెంటు బిల్లులు ఉంచే కవరులో పెట్టి, ఆ సంగతి ఇంట ఇద్దరికైనా చెప్పవలెను. ఈమెయిలులో దాచినాము, చాలును అనేవారు ఉన్నారు. దానిని తెరవడానికి ఇంటర్నెట్టు కావలెను. పాస్‌వర్డు మార్చినప్పుడు కొత్త చీటీ వ్రాసి, తేదీ వేసి, పాతదానిని చింపివేయవలెను.