పాత సూటు, కొత్త కొలతలు

షుగరు వచ్చిందని డాక్టరు గట్టిగా చెప్పాక ఏడాదిలో 30 పౌండ్లు తగ్గాను. చెల్లి పెళ్ళికి నాన్నగారు హైదరాబాదులో దగ్గరుండి కుట్టించిన సూటు వదులైపోయింది. ఇప్పుడాయన లేరు, పారేయడానికి మనసొప్పలేదు.

ఇక్కడి దర్జీ ముందు భుజాలే చూశాడు. కోటుకి అవే ప్రాణం. అవి జారితే చేతులు విప్పి మళ్ళీ కుట్టాలి, ఖర్చెక్కువ. అదృష్టం, నావి సరిపోయాయి. నడుము దగ్గర పక్క కుట్లు లోపలికి పట్టాడు. ప్యాంటు నడుము రెండంగుళాలు తగ్గించాడు. అంతకు బాగా మించితే వెనక జేబులు రెండూ దగ్గరకొచ్చేస్తాయట.

మీరూ బరువు తగ్గుతుంటే తొందరపడకండి. బరువు కొన్నాళ్ళు నిలకడగా ఉన్నాకే కొలతలివ్వండి. లోపల మిగిలిన గుడ్డ కత్తిరించవద్దని చెప్పండి. అవసరమైతే మళ్ళీ వదులు చేయించుకోవచ్చు. ఆ అవసరం రాకుండా రోజూ నడవడం మాత్రం మన పని!