‘పడదు’ అను మాటలోని భేదము

మన బెజవాడ ప్రాంతమున పాలకును, రొయ్యలకును ‘పడవు’ అను నొకే మాట వాడుదుము. ఒకప్పుడు పాలు పడని చుట్టముల బిడ్డకు మేము మజ్జిగ పోసితిమి. నిమిషములలో పెదవులు వాచి, ఒడలెల్ల దద్దురులు లేచెను. ఆసుపత్రిలో సూదిమందుతో తేరుకొనెను. నాడు గాని మాకు భేదము తెలియలేదు.

పాలలోని చక్కెరను జీర్ణము చేయు లాక్టేజు కొఱవడినవారికి కడుపుబ్బరము, విరేచనములు కలుగును. బాధయే కాని ప్రాణభయము లేదు. వీరిలో పెక్కుమందికి మజ్జిగ సరిపడును. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే పేరిడిన అలర్జీ వేఱు. అందు దేహరక్షణశక్తియే ఆహారమును శత్రువుగా నెంచి తిరుగబడును. రవ్వంత తిన్నను అపాయము కలుగవచ్చును. పాల అలర్జీ గలవారికి మజ్జిగయు, రొయ్యల అలర్జీ గలవారికి ఎండురొయ్యల పొడియు వర్జ్యములు.

కావున ఎవరైన ‘పడదు’ అన్నచో ‘తిన్న నేమగును?’ అని యడుగుడు. ఆయాసము తోచినచో చిట్కాలు మాని తక్షణమే ఆసుపత్రికి కొనిపొండు.