నేల ఉసిరి... గెలిచి ఓడింది!

వానలు పడితే చాలు... పెరట్లో, పొలం గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలుస్తుంది నేల ఉసిరి. కామెర్లొస్తే దాన్ని వేళ్లతో సహా పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం మన ఊళ్లలో తరాలనాటి అలవాటు. ఆ మొక్క ఒకప్పుడు ప్రపంచ వైద్యుల్నీ ఊరించింది!

హెపటైటిస్‌-బి మొండి జబ్బు. కొందరి ఒంట్లో ఆ వైరస్‌ ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. పైకి ఏమీ తెలియనివ్వకుండానే కాలేయాన్ని దెబ్బతీసి, క్యాన్సర్‌ దాకా తీసుకెళ్లొచ్చు. దీనికి సరైన మాత్ర లేని 1980ల్లో చెన్నైలో ఎస్‌.పి.త్యాగరాజన్‌ బృందం నేల ఉసిరిని పరీక్షకు పెట్టింది. ఈ వైరస్‌ను కనిపెట్టి, 1976లో నోబెల్‌ అందుకున్న బరూచ్‌ బ్లంబర్గ్‌ కూడా వారితో చేయి కలిపారు.

మొక్కను ఎండబెట్టి, పొడిచేసి క్యాప్సూళ్లలో నింపారు. 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు... 30 రోజులు. మరో జట్టుకు మందులేని క్యాప్సూళ్లు ఇచ్చారు. ఫలితం 1988లో 'లాన్సెట్‌' పత్రికలో వచ్చింది. మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్‌ ఉనికిని చెప్పే యాంటిజెన్‌ మాయం! రెండో జట్టులోని 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది.

అయితే ఒకచోట నెగ్గితే సరిపోదు. వేరే వైద్యుల చేతిలోనూ అదే ఫలితం రావాలి. థాయ్‌లాండ్‌లో చూశారు, న్యూజిలాండ్‌లో చూశారు... రాలేదు. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ జల్లెడపట్టిన కాక్రేన్‌ సమీక్ష కూడా ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని 2011లో తేల్చింది.

మరి పసరు తాగితే కామెర్లు తగ్గుతున్నాయిగా? హెపటైటిస్‌-ఎ లాంటి కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకొస్తుంది. ఆ ధీమాతో పరీక్ష చేయించుకోకపోతే, దాగి ఉన్న 'బి' వైరస్‌ తన పని తాను చేసుకుపోతుంది.

చివరికి మాత్ర దొరికింది. 358 మంది చైనీయులపై ఏడాదిపాటు పరీక్షించిన లామివుడిన్‌ ఫలితాలు 1998లో వెలువడ్డాయి. అదీ సంపూర్ణ విజయం కాదు. కొన్నాళ్లకు వైరస్‌ దానికి లొంగడం మానేసింది. ఆ తర్వాత వచ్చిన ఎంటెకావిర్‌, టెనోఫోవిర్‌ మాత్రలే ఇప్పుడు ప్రధాన ఆసరా. ఇవీ వైరస్‌ను అణచి ఉంచుతాయే తప్ప, పూర్తిగా తుడిచిపెట్టడం అరుదు. అందుకే డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.

పెరటి మొక్కయినా, ఫ్యాక్టరీ మాత్రయినా... మళ్లీ మళ్లీ పరీక్షకు నిలిస్తేనే మందు!