తుపాకీ ర్యాక్ ఇంట్లోనే చేసుకోవచ్చు.. కానీ తాళం సంగతేంటి?

కర్ణాటకలోని కొడగులో చాలా కుటుంబాలకు తుపాకీ తాతల నాటి ఆస్తి. కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు ఆయుధ లైసెన్సు నుంచి బ్రిటిష్ కాలం నుంచీ మినహాయింపు ఉంది. కేంద్రం 2019లో దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. సెప్టెంబరులో కైల్ పొళ్దు పండగకు తుపాకులను పూలతో అలంకరించి పూజిస్తారు. మరి మిగతా రోజుల్లో?

చాలామంది గది మూలన గోడకు ఆనించేస్తారు. కొడగు వానలకు గోడలు చెమ్మగిల్లుతాయి, ఇనుము తుప్పు పడుతుంది. కాలు తగిలితే తుపాకీ జారిపడుతుంది.

ర్యాక్‌కు రెండు గట్టి చెక్క పలకలు చాలు. కింది పలకలో మడమ ఆనేలా గుంటలు, పై పలకలో గొట్టం కూర్చునేలా గాడులు తీయాలి. తుపాకులు ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉంచాలి. గాడులకు మెత్తటి ఫెల్ట్ అతికిస్తే గీతలు పడవు.

అయితే ర్యాక్ తుపాకీని నిలబెడుతుందే తప్ప కాపాడదు. గోడకు బిగించిన ర్యాక్ అందంగా ఉంటుంది, కానీ పిల్లలకైనా దొంగకైనా అందుబాటులోనే ఉంటుంది. అందుకే దాన్ని తాళం వేసే ఉక్కు బీరువా లోపల బిగించడం మేలు. లోపల పెట్టేముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడాలి. తూటాలు వేరేచోట, వేరే తాళం కింద ఉండాలి. తాళంచెవులు పెద్దల దగ్గరే ఉండాలి.

మినహాయింపు లైసెన్సుకే. జాగ్రత్తకు కాదు.